పడవ మాట, గట్టు మాట

పొద్దున్నే, మొహమైనా సరిగ్గా తుడుచుకోకముందే, మెకానిక్కు ఒక ఆడమనిషిని నదిలో ముంచి చంపేశాడు. చంపి, ఫోను చొక్కా జేబులో పడేసుకుని, బూట్ల తాళ్ళు బిగించాడు.

నది కథలోది. మనిషీ కథలోదే. ఆ కథను నలుగురు కలిసి ఫోన్లలో రాస్తున్నారు. వరద నదిలో ఉప్పు బస్తాలతో పోయే పెద్ద పడవ అది. దానికి ఒక సరంగు, ఒక వంటామె, బస్తాల చాటున నక్కి ఎక్కిన ఒక దొంగ. ఒక్కో మనిషిని ఒక్కొక్కరు రాస్తారు. సరంగును రాసేది మెకానిక్కు. వంటామెనీ దొంగనీ రాసేవాళ్ళు ఎవరో, వాళ్ళ వయసెంతో, ఎక్కడుంటారో అతనికి తెలియదు. అడగడం అక్కడ మర్యాద కాదు. నాలుగో ఆయన్ని సూత్రధారి అంటారు. నదినీ, గాలివాననీ, దారిలో తగిలే రేవుల్నీ ఆయన రాస్తాడు. తగువొస్తే తీర్చేదీ ఆయనే.

కథలో రాసేది పడవ మాట. కథ బయట ఏమైనా చెప్పుకోవాలంటే ముందు 'గట్టు మీద' అని పెట్టి చెప్పుకోవాలి. పడవలో ఒకరినొకరు నానా తిట్లూ తిట్టుకున్నవాళ్ళు గట్టెక్కగానే 'గారూ' అని పిలుచుకుంటారు. ఇంకో రెండు కట్టుబాట్లున్నాయి. రాసింది చెరపకూడదు. ఎవరి మనిషిని వాళ్ళే కదపాలి. సరంగు కర్ర ఎత్తచ్చు. దెబ్బ తగిలిందా, అవతలివాళ్ళు తప్పుకున్నారా, కర్ర లాక్కుని నదిలో గిరాటేశారా అన్నది మాత్రం అవతలివాళ్ళే రాయాలి. వాళ్ళు రాసేదాకా కర్ర గాల్లోనే ఉండాలి. ఎత్తిన కర్ర అలా పట్టుకుని పూటంతా నిలబడటం మగతనం ఉన్నవాడికి మహా కష్టం. కానీ రుచంతా అందులోనే ఉంది. ఎందుకంటే అవతలివాళ్ళు ఏం రాస్తారో తనకి తెలియదు. ఆ తెలియకపోవడం లేకపోతే అదొక కథ కాదు, ఒకడు గదిలో కూర్చుని తనకి తానే చెప్పుకునే గొప్ప.

ఇవన్నీ మెకానిక్కుకి తెలుసు. తెలిసే చేశాడు.

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. బడి ఎగ్గొట్టిన నాటినుంచీ అదే పని. ఆ పనిలో సగం బతుకు ఎదురుచూపులకే పోతుంది. తాళం తెచ్చేవాడి కోసం, విడిభాగం కోసం, కరెంటు కోసం. అలా ఎక్కడో మెట్ల మీద కూర్చుని ఫోను గెలుకుతుంటే ఈ పడవ తగిలింది. మొదటిరోజు చెమటలు కక్కుతూ రెండు ముక్కలు రాశాడు. "సరంగు వచ్చాడు. చాలా కోపంగా ఉన్నాడు." అందులోనూ తప్పులే. ఎవరైనా నవ్వితే ఫోను కట్టేసి ఇంక ఆ వైపు చూడకూడదనుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. వంటామె రాసింది: "వంటామె పీటను సరంగు వైపు తోసింది. 'కూచో. ఎవరి మీదేంటి ఇంత కోపం?' అంది." అంతే రాసి ఆపేసింది.

ఎవరి మీద? ఆ రోజంతా లిఫ్టు గుంతలో గ్రీజు పూస్తూ అదే ఆలోచించాడు. సాయంత్రానికి తెలిసింది. ఆ పడవ సరంగుది కాదు, అతని అన్నగారిది. అన్న చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆ అన్న ఇదే నదిలో పోయాడు. అందుకని నది కనబడితే చాలు సరంగుకి ఒళ్ళు మండుతుంది. ఇదంతా ఆమె అడిగేదాకా మెకానిక్కు బుర్రలో ఎక్కడా లేదు. ఆమె ఆ పీట తోయకపోతే సరంగు పడవ అంచున కోపంగా నిలబడి అలాగే ఎండిపోయి ఉండేవాడు.

అప్పటినుంచీ అదొక్కటే అతనికి మిగిలిన చోటు. ఇంట్లో అతను నోరు తెరిస్తే టీవీ గొంతు పెంచుతారు. పనిలో నోరు తెరిస్తే 'తెలుసులే' అంటారు. పడవలో మాత్రం ముగ్గురు మనుషులు పని మానుకుని 'తర్వాత?' అని కూర్చుంటారు. తన నోటినుంచి వచ్చేది వినడానికి ఈ భూమ్మీద ముగ్గురున్నారంటే చిన్న సంగతా?

మరి అలాంటి చోట అలాంటి పని ఎందుకు చేశాడంటే, దానికి ముందు రోజు సంగతి చెప్పాలి.

ముందున్న రేవులో దొంగ కోసం సోదా జరుగుతోందని సూత్రధారి రాశాడు. దొంగ పడవలో దొరికితే పడవ పోతుంది. అందుకని సరంగు వాణ్ణి నది నడుమ ఇసుకమేట మీద దింపేద్దామని నిశ్చయించుకున్నాడు. నీళ్ళు పెరుగుతున్నాయి, మేట మునుగుతుంది, దింపడమంటే చంపడమే. ఆ ఘట్టాన్ని మెకానిక్కు కొన్నాళ్ళుగా అల్లుకుంటూ వచ్చాడు. ఏ మాట ఎక్కడ పడాలో స్నానం చేస్తూ కూడా అనుకున్నాడు. చివరికి ముహూర్తం చూసి "దిగు" అనిపించాడు సరంగు చేత.

పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ చూస్తే వంటామె రాసి ఉంది: "వంటామె దొంగకి అడ్డంగా నిలబడింది. 'పడవ నీదే. దీని మీదున్న ప్రాణాలు నీవి కావు. వీణ్ణి దింపితే నన్నూ దింపు' అంది."

దాని కింద దొంగ: "గట్టు మీద: వంటామె గారూ, మీకో దండం! ఒళ్ళు జలదరించింది." దాని కింద సూత్రధారి: "గట్టు మీద: మలుపంటే ఇదీ." సరంగు గారి ఊసు ఎక్కడా లేదు. ఇన్ని మెట్లు కట్టింది ఒకడైతే ఎక్కి కూర్చున్నది ఇంకొకతె.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బావమరిది.

"బావా, ఇవాళ ఆఫీసు భవనం లిఫ్టు. పైన మోటారు గదిలో నువ్వుండు, నేను కింద లిఫ్టు పెట్టె మీదెక్కుతా. ఒక్క మాట, ఏమనుకోకు. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఇప్పుడు ఏం జరిగినా నన్నే అడుగుతారు."

ఈ బావమరిదికి స్క్రూడ్రైవరు ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పింది మెకానిక్కే. కిందటి వారం ఆ బావమరిదిని ఇన్‌ఛార్జిని చేశారు.

"నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా?"

"చెప్పడం కాదు బావా, పద్ధతి."

ఫోను పెట్టేశాక వంటింట్లోంచి ఇంటావిడ అంది: "వాడు మంచికే చెప్తాడు, కాస్త వినండి. వింటే మీ సొమ్మేం పోయింది?"

అదీ సంగతి. ఇంట్లో వినాలి, పనిలో వినాలి, ఆఖరికి తన పడవలో తనే వినాలి. నోట్లో నురగ ఉమ్మేసి, ఒంటి చేత్తో టకటకా రాసేశాడు: "పెద్ద అల వచ్చింది. వంటామె కాలు జారి నదిలో పడింది. సరంగు చూస్తుండగానే మునిగిపోయింది. ఇక ఆ మనిషి లేదు."

పంపాక ఒంట్లో చల్లగా హాయిగా అనిపించింది. ఆ హాయి వీధి మలుపు దాకా కూడా నిలవలేదు.

భవనం ముందు బండి ఆపేసరికి జేబులో ఫోను వణికింది.

"గట్టు మీద: సరంగు గారూ, ఇదేంటండీ?" దొంగ.

మెకానిక్కు అక్కడే నిలబడి జవాబిచ్చాడు: "గట్టు మీద: కథ కదండీ. కథలో చావులుండవా?"

"గట్టు మీద: ఉంటాయి," అని సూత్రధారి దిగాడు. "ఎవరి చావు వాళ్ళు రాసుకుంటారు. మీరు రాయకూడనిది రాశారు. రాసింది చెరపం కాబట్టి అది అలాగే ఉంటుంది. ఇప్పుడు మాట వంటామె గారిది. ఆవిడ ఏం రాస్తే అదే సాగుతుంది. సాయంత్రం దాకా చూస్తాను. ఆవిడ రాకపోతే పడవ ఇక్కడితో కట్టేస్తాను. ఆవిడ లేకుండా నడపడం నాకిష్టం లేదు."

ఆయన అంత పొడుగ్గా రాయడం మెకానిక్కు ఎప్పుడూ చూడలేదు. 'మీకిష్టం లేకపోతే నాకేం' అని రాద్దామనుకున్నాడు. వేలు కదల్లేదు. తను రాసిన ఆ అల కింద గుర్తులు చూశాడు. ముగ్గురూ చదివినట్టు పడింది. అంటే ఆమె చదివింది. చదివి ఊరుకుంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని ఉంది. లోపల ఎవరూ లేరు, అదొక్కటే నయం. బావమరిది పై అంతస్తు తలుపు తెరిచి, పెట్టె నెత్తి మీదికి దిగాడు. పెట్టె జారడానికి పక్కనున్న పట్టాలకు బిగించిన పట్టీలు సరిచూస్తూ, ఒక్కోసారి పెట్టెని కాస్త కాస్త కిందికి దింపించుకోవాలి. దింపేది మెకానిక్కు. పైన మోటారు గదిలో బ్రేకు కర్ర చేత్తో ఎత్తి పట్టుకుంటే బ్రేకు వదిలి పెట్టె జారుతుంది, కర్ర వదిలేస్తే ఆగుతుంది. మధ్యలో వాకీటాకీ.

దీనికొక వరస ఉంది. పైవాడు "వదలనా?" అనాలి. కిందివాడు "వదులు" అనాలి. పైవాడు "వదులుతున్నా" అని తిరిగి అప్పజెప్పాలి. కిందివాడు "ఊఁ" అన్నాకే కర్ర ఎత్తాలి. ఆ ఆఖరి "ఊఁ" వినబడకపోతే రోజంతా అలా కూర్చోవాలి తప్ప చెయ్యి కదపకూడదు. బావమరిదికి ఈ వరస నేర్పింది కూడా ఈ బావే. అప్పట్లో ఒకసారి వాడు తొందరపడితే నెత్తి మీద మొట్టాడు కూడా.

"వదలనా?"

"వదులు బావా."

"వదులుతున్నా."

"ఊఁ."

పెట్టె జారింది, ఆగింది. మళ్ళీ పట్టీలు, మళ్ళీ అదే వరస. మోటారు గది ఇరుకు, వేడి. ఒక చెయ్యి కర్ర మీద, ఒక కన్ను బల్ల మీద పెట్టిన ఫోను మీద. ఫోను నల్లగా, చచ్చినట్టు పడి ఉంది. ఆమె ఏం చేస్తోంది? ఎవరితోనైనా చెప్పుకుని ఏడుస్తోందా? లేక ఛీ అని ఫోను పక్కన పడేసి తన పని తను చేసుకుంటోందా? ఆ రెండోదే భయంగా ఉంది.

"వదలనా?" అన్నాడు.

"ఒక్క నిమిషం."

ఫోను వెలిగింది. మెకానిక్కు తల అటు తిరిగింది. తెర మీద 'వంటామె రాస్తున్నారు' అని పడింది. అలా పడి, కాసేపు ఉండి, పోయింది. మళ్ళీ పడింది. మళ్ళీ పోయింది.

"వదులుతున్నా," అన్నాడు మెకానిక్కు తెర మీంచి చూపు తీయకుండా, కర్ర ఎత్తేశాడు.

కిందినుంచి వచ్చింది మాట కాదు, కేక.

కర్ర ఎప్పుడు వదిలేశాడో అతనికే తెలియదు. బ్రేకు పట్టుకున్న చప్పుడుకి గది దద్దరిల్లింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు.

"ఒరేయ్," అన్నాడు. "ఒరేయ్, పలకరా."

గరగర.

"పలకరా నాయనా!"

"చచ్చాను," అని వినబడింది ఆఖరికి. "పెట్టె మీదే ఉన్నా. కర్ర ముట్టుకోకు. నువ్వు ఆ గదిలోంచి బయటికి పో. నువ్వు పోయావని చెప్పేదాకా నేను కదలను."

మెట్ల మీద ఎదురుపడ్డాక చూస్తే బావమరిది కుడిచేతి తొడుగు బొటనవేలి దగ్గరనుంచి మణికట్టు దాకా చీరుకుపోయి ఉంది. పట్టీకీ పెట్టెకీ మధ్య పట్టుకుంది. చెయ్యి లాగేసుకున్నాడు కాబట్టి తొడుగుతో పోయింది.

"నేను 'ఊఁ' అన్నానా బావా?"

మెకానిక్కు ఆ తొడుగునే చూస్తున్నాడు.

"అడుగుతున్నా. నేను అన్నానా?"

"అంటావనుకున్నా."

"అనుకున్నావా!" బావమరిది నవ్వాడు, ఏడ్చినట్టుగా. "నా నోట్లో మాట కూడా నువ్వే అనేసుకుంటే ఇక నేనెందుకు పెట్టె మీద? నువ్వొక్కడివే పైనా కిందా ఉండు. అక్కకి ఏం చెప్పేవాడివి? తమ్ముడు 'ఊఁ' అంటాడనుకున్నానే అని చెప్పేవాడివా?"

"నోరు ముయ్యరా."

"మూయను. ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నా. నీతో మాట్లాడటమంటే ఏంటో తెలుసా బావా? నువ్వు మాట్లాడతావ్, మా వంతు కూడా నువ్వే మాట్లాడతావ్, తర్వాత మేం వినలేదని అలుగుతావ్." చీరిన తొడుగు తీసి మెట్ల మీద పడేశాడు. "ఇవాళ పైకి రాకు. ఆఫీసుకి ఫోను చేసి ఇంకో మనిషిని పిలిపిస్తా. కింద బోర్డు దగ్గర నిలబడు."

బోర్డు దగ్గర నిలబడటం అంటే ఈ పనిలో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు అప్పజెప్పే పని. మెకానిక్కు మెట్లు దిగాడు. కింద వసారాలో 'మరమ్మతు జరుగుతున్నది' అన్న బోర్డుని లిఫ్టు తలుపుకి ఆనించి, పక్కనే స్టూలు వేసుకుని కూలబడ్డాడు.

ఫోను తీశాడు. వంటామె ఏమీ పంపలేదు. రాయబోయి మానేసింది.

అప్పుడు దొంగ విడిగా పలకరించాడు, నలుగురికీ కనబడే చోట కాకుండా: "సరంగు గారూ, నేనొక మాట చెప్తా. అదంతా సరంగుకి వచ్చిన కల అని రాసెయ్యండి. అల లేదు, పడటం లేదు. వంటామె అడ్డంగా నిలబడే ఉంది. గొడవ వదిలిపోతుంది. పడవ ఉంటుంది. నాకు ఈ పడవ కావాలండీ."

మెకానిక్కు ఆశగా చదివాడు. నిజమే, రాసింది చెరపకుండానే చెరిపినట్టు. చాలా తేలిక. "సరంగు ఉలిక్కిపడి లేచాడు" అన్నంత వరకూ కొట్టాడు కూడా. కొట్టి చూసుకుంటే మనసు ఒప్పలేదు. ఇవాళ కల అన్నాక రేపు సరంగు నిజంగా ఏడిస్తే ఎవరు నమ్ముతారు? వంటామె వండినదీ కలేమో, అన్న పోయిందీ కలేమో. ఒక్కసారి అలా జారుకుంటే ఆ పడవలో ఏ మాటకీ బరువుండదు. పైగా ఆమెని ముంచిందీ తనే, మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేపి నిలబెట్టిందీ తనే అవుతాడు. ఆమె మనిషిని రెండోసారి తనే కదిపినట్టే.

కొట్టింది తుడిచేశాడు. "కుదరదండీ" అని మాత్రం దొంగకి పంపాడు.

"ఏమయ్యా," అని వినబడి తలెత్తాడు. రెండు చేతుల్లో కూరల సంచులతో ఒక ముసలావిడ నిలబడి ఉంది. కింద అన్నీ ఆఫీసులే అయినా పై అంతస్తులో ఆవిడ కొడుకు కాపురం ఉంటాడట. "ఇది ఇక పైకి పోదా?"

"పోతుందమ్మా. కాస్త ఆగాలి."

"ఎంతసేపు?"

"అవతలివాళ్ళు చెప్పాలి."

"అవతల ఎవరున్నారు?"

మెకానిక్కు ఫోను వైపు చూశాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్ను చూస్తే లోపల ఇరుక్కుంది నువ్వేనేమో అన్నట్టున్నావ్," అని సంచులు పైకి లాక్కుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. సంచులు అందుకుందామని లేచాడు. "వద్దులే, నువ్వు నీ బోర్డు చూసుకో," అనేసింది.

మళ్ళీ కూర్చున్నాడు. క్షమాపణ రాద్దామనుకుని మొదలెట్టాడు. పొద్దున ఇంట్లో జరిగిందీ, బావమరిది ఫోనూ, తను ఆ ఘట్టం కోసం ఎంత కష్టపడిందీ, తన్నెవరూ మెచ్చుకోనిదీ అన్నీ వచ్చేశాయి. తెర నిండిపోయింది. పైనుంచి కిందికి చదువుకుంటే అందులో ఆమె ఎక్కడా లేదు. అంతా తనే. సిగ్గేసింది. మొత్తం కొట్టేసి ఇంతే పంపాడు: "గట్టు మీద: వంటామె గారూ, మీరు రాయాల్సింది నేను రాసేశాను. తప్పు నాది."

గుర్తులు పడ్డాయి. చదివింది. ఊరుకుంది.

ఆఫీసునుంచి రెండో మనిషి వచ్చాడు. మెకానిక్కుని చూసి ఏదో అడగబోయి, మొహం చూసి, మెట్లెక్కిపోయాడు. కాసేపటికి పైన వాళ్ళిద్దరి గొంతులూ గుంతలోంచి మోగుతూ దిగాయి. వదలనా. వదులు. వదులుతున్నా. ఊఁ. ఆ 'ఊఁ' వినబడ్డప్పుడల్లా మెకానిక్కు చెయ్యి దానంతటదే బిగుసుకునేది.

ఎండ వసారా గడప దాటి బయటికి పోయింది. ఆఫీసులు వదిలారు. మనుషులు మెట్ల మీంచి గుంపులుగా దిగుతూ, బోర్డుని చూసి తిట్టుకుంటూ, బోర్డు పక్కనున్నవాణ్ణి కూడా ఓ చూపు తిట్టి పోతున్నారు. ఇక రాదు, అనుకున్నాడు. రాకపోతే సూత్రధారి పడవ కట్టేస్తాడు. రేపు పొద్దున ఫోను తెరిస్తే అందులో ఏమీ ఉండదు. అన్నని తలుచుకుని నదిని తిట్టే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? వాడు తనొక్కడి బుర్రలో బతకలేడు. మిగతావాళ్ళు వాడితో మాట్లాడబట్టే వాడు ఉన్నాడు.

ఫోను వణికింది.

వంటామె. ముందు 'గట్టు మీద' అని లేదు. అంటే పడవ మాటే.

"నది అడుగున చీకటి. పైనుంచి చూసేవాళ్ళకి వంటామె లేదు. పడవ అడుగుబల్లకి ఒక మేకు తోసుకుని బయటికి ఉంది. ఆమె బట్ట దానికి తగులుకుంది. ఆ మేకు పట్టుకుని, తర్వాత బల్ల సందు పట్టుకుని పాకింది. ఇప్పుడు ఆమె చెయ్యి ఒకటి నీళ్ళపైన ఉంది. ఆ చెయ్యి పడవలో ఎవరికైనా కనబడిందో లేదో ఆమెకి తెలియదు."

మెకానిక్కు రెండుసార్లు చదివాడు. అతని అలని తీసెయ్యలేదు. అతను ముంచినంత లోతూ మునిగింది. 'ఇక లేదు' అని అతను మూసిన తలుపుకి పక్కనే చిన్న కన్నం చేసుకుని అందులోంచి చెయ్యి పెట్టింది. కోపం లేదని కాదు. ఆ చీకటిలో అదంతా ఉంది.

ఆత్రంగా రాశాడు: "సరంగు నదిలో దూకి ఆమెను పైకి లాగాడు." పంపబోయి ఆగాడు. లాగాడు. మళ్ళీ అదే. ఆమె చెయ్యి అందించిందా? లాగించుకుందా? ఆ ఒక్క మాట కొట్టేస్తే వాక్యం కూలిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

"సరంగుకి చెయ్యి కనబడింది. చుక్కాని వదిలేశాడు. పడవ అంచు మీద బోర్లా పడుకుని, అందినంత దూరం తన చెయ్యి చాపాడు."

పంపాడు. ఇక చెయ్యడానికేమీ లేదు. చాపిన చెయ్యి అలా చాపుకుని ఉండాలి.

అంతలో దొంగ దూరాడు: "దొంగ బస్తాలు కట్టిన తాడు విప్పి ఆమె వైపు విసిరాడు."

వెంటనే సూత్రధారి: "చుక్కాని పట్టుకున్నవాడు లేక పడవ అడ్డం తిరుగుతోంది. ఇసుకమేట దగ్గరవుతోంది."

మెకానిక్కు లేచి నిలబడ్డాడు. నిలబడ్డానని కూడా తెలియదు. పక్కనుంచి ఎవరో "పనైందా?" అని అడిగి జవాబు రాక గొణుక్కుంటూ పోయారు.

వంటామె రాసింది: "వంటామెకి రెండూ కనబడ్డాయి. చెయ్యి దగ్గరగా ఉంది. తాడు దూరంగా ఉంది. ఆమె ఆ చెయ్యి కాదని, ఈది, తాడు పట్టుకుంది."

చెంప మీద కొట్టినట్టయింది. అయినా ఆమె పైకి వస్తోంది.

"పడవెక్కింది. నీళ్ళు కారుతూ సరంగు పక్కనుంచే నడిచింది, అతని వైపు చూడలేదు. వదిలేసిన చుక్కాని పట్టుకుంది. 'మేట తప్పిస్తా. ఎవర్నీ దింపను. రేవులో ఏమొస్తే అది చూద్దాం. కాదనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి' అంది."

అక్కడ ఆపేసింది. పడవ అడ్డం తిరుగుతూనే ఉంది. ముగ్గురూ చూస్తున్నారు.

ఇప్పుడు వంతు అతనిది. కాదనచ్చు. కట్టుబాటు ప్రకారం కాదనే హక్కుంది. సరంగు కర్ర ఎత్తచ్చు, అన్న పేరెత్తచ్చు, పడవ నాది అనచ్చు. ఆ మాటలు నాలుక చివర్న వరస కట్టి ఉన్నాయి. రాస్తే బాగా కూడా ఉంటాయి. కానీ రాస్తే మళ్ళీ ఒక్కడి కథే అవుతుంది. మెకానిక్కు గోడకానుకున్నాడు. పైన గుంతలోంచి బావమరిది గొంతు, "ఆఖరిసారి, వదులు" అంటోంది.

అతను రాశాడు: "సరంగు లేచాడు. చుక్కాని వైపు పోలేదు. పడవ మధ్యలో పొయ్యి ఆరిపోయి ఉంది. దాని ముందు కూర్చుని తడిసిన కట్టెలు ఎగదోశాడు. ఎంత ఊదినా అంటుకోలేదు. 'తడిసిన మనిషి వేడిగా ఏదైనా తాగాలి' అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. సరంగుకి వంట రాదు."

పంపాడు. తర్వాత వంటామె పేరు కింద 'రాస్తున్నారు' అని పడింది. దాని కింద దొంగది పడింది. దాని కింద సూత్రధారిది కూడా.